ఫెనిటాయిన్
ఫెనిటాయిన్ మూర్ఛవ్యాధి (ఫిట్స్) చికిత్సలో వాడే ఒక ఔషధము. భారతదేశంలో ఇది ఎప్టాయిన్ మొదలైన పేర్లతో లభిస్తుంది. దీనిని 1908లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త హైన్రిక్ బిల్ట్జ్ తయారుచేశాడు. మూర్ఛపై దీని ప్రభావాన్ని 1938లో అమెరికా వైద్యులు మెరిట్, పుట్నమ్ వెల్లడించారు.

జాగ్రత్తలు
రక్తంలో ఈ మందు సాధారణంగా లీటరుకు 10–20 మిల్లీగ్రాములు ఉండాలి. మోతాదు కొద్దిగా పెరిగినా ఈ స్థాయి ఎంతో పెరగవచ్చు. నడకలో తూలు, కళ్ళు అదరడం, మగత అందుకు సూచనలు. ఫిట్స్ తగ్గాయని మందును హఠాత్తుగా మానరాదు. ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణాపాయము కలగవచ్చు. దద్దుర్లు వస్తే వెంటనే వైద్యుని కలవాలి. గర్భస్థ శిశువుకు లోపాలు కలిగే అవకాశం ఉన్నందున స్త్రీలు గర్భధారణకు ముందే వైద్యుని సంప్రదించాలి.

ఫోలిక్ ఆమ్లము
ఫెనిటాయిన్ శరీరంలో ఫోలిక్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఈ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల పరిశోధనకు నాయకత్వం వహించినది తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు. అయితే ఫోలిక్ మాత్రలు ఫెనిటాయిన్ స్థాయిని తగ్గించగలవు కనుక వాటిని వైద్యుని సలహాతోనే వాడాలి.