బండి కందెన నుండి ఇంజను ఆయిలు వరకు

ఇరుసుకు కందెన లేనిదే బండి సాగదన్న సంగతి తెలుగువారికి ఏనాడో తెలుసు. సుమతీ శతకకారుడు కరణాల విషయం చెప్పదలచి, ఉపమానానికి ఈ ఇరుసు కందెననే ఎన్నుకొన్నాడు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల రేగడి భూములలో పత్తి బోరేలను, మిరపకాయల బస్తాలను తరతరాలుగా మోసిన ఎడ్లబండ్లకు, ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసిన నల్లని ముద్దయే కందెన.

నేడు ఆ నేలల మీదనే ట్రాక్టర్లు, జీపులు తిరుగుతున్నాయి. వాటి ఇంజనులో ఏ ఆయిలు పోయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, “మన ఎండలకు పలుచని నూనె ఆగదు, ఎంత చిక్కనిదైతే అంత మంచిది” అనే మాట తరచుగా వినవస్తుంది. ఇది బండి నేర్పిన పాఠం. బండి విషయంలో ఇది సత్యమే. ఇంజను విషయంలో మాత్రం ఎందుకు సత్యం కాదో తెలుసుకోవాలంటే, నూనె చిక్కదనాన్ని మానవుడు కొలవనేర్చిన చరిత్రను కొంత చూడాలి.

చిక్కదనానికి కొలత

ద్రవంలో ఒక పొర మీద మరొక పొర జారేటప్పుడు ఎదురయ్యే నిరోధాన్ని స్నిగ్ధత అంటారు. పొరలు ఎంత వేగంగా విడివడితే నిరోధం అంతగా పెరుగుతుందని 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’ గ్రంథంలో న్యూటన్ ఊహించినాడు. 1840 ప్రాంతాల్లో ఫ్రెంచి వైద్యుడు పాయిజూయి సన్నని గొట్టాలలో ద్రవాల ప్రవాహాన్ని శ్రద్ధగా పరిశీలించినాడు. స్నిగ్ధతకు ప్రమాణమైన ‘పాయిజ్’ ఆయన పేరు మీద ఏర్పడినదే. ఈ కొలతల ప్రకారం 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆముదం నీటికంటె సుమారు వెయ్యి రెట్లు స్నిగ్ధమైనది. వేడిచేసిన కొద్దీ ఈ స్నిగ్ధత చాలా త్వరగా తగ్గిపోతుంది.

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేక్ అనే ఆయన బావి త్రవ్వించి రాతినూనె తీసిన పిమ్మట, జంతువుల కొవ్వు, గింజల నూనెల స్థానంలోకి ఖనిజ తైలాలు రాసాగినవి. వీటిలో ఏది మేలైనదో నిర్ణయించవలసిన అవసరం రైలు కంపెనీలకు కూడ కలిగినది.

బిరడా చెప్పిన రహస్యం

లండనులోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోరిక మీద బోషాం టవర్ అనే ఇంజనీరు రైలుపెట్టె ఇరుసుల మీద ప్రయోగాలు చేసి, 1883లో ఫలితాలు ప్రకటించినాడు. ఇరుసు మీద బేరింగు కూర్చున్నది. ఇరుసు అడుగు భాగం నూనెలో మునిగి తిరుగుతున్నది. పైనుండి నూనె పోయడానికి బేరింగు నడినెత్తిన ఆయన ఒక రంధ్రం తొలిపించినాడు. ఇరుసు తిరగగానే ఆ రంధ్రం గుండా నూనె లోపలికి పోవడానికి బదులు పైకి పొంగినది. బెండుబిరడా బిగిస్తే అది ఎగిరిపోయినది. కొయ్య బిరడా దిగగొట్టినా బయటికి నెట్టుకొని వచ్చినది. చివరకు పీడనమాపకాన్ని అమర్చి చూస్తే, ఇరుసు మీది సగటు బరువు చదరపు అంగుళానికి 100 పౌనులు కాగా, నూనె పీడనం 200 పౌనులను దాటినది!

దీని భావమేమి? తిరిగే ఇరుసు తనతోబాటు నూనెను ఇరుకు సందులోకి లాగుకొనిపోతుంది. అక్కడ ఆ నూనె మేకువలె దూరి, బరువును పైకెత్తి పట్టుకొంటుంది. ఇనుము ఇనుమును తాకదు. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే ఆచార్యుడు దీనికి గణిత సిద్ధాంతం నిర్మించినాడు. ఆ సిద్ధాంత సారం ఇది: నూనెపొర మందం మూడింటి మీద ఆధారపడుతుంది. నూనె స్నిగ్ధత పెరిగితే పొర మందమవుతుంది. వేగం పెరిగినా మందమవుతుంది. బరువు పెరిగితే పలుచనవుతుంది.

ఇక్కడే బండికీ ఇంజనుకూ గల భేదం తేలుతుంది. అయిదడుగుల చక్రం గల ఎడ్లబండి గంటకు మూడున్నర కిలోమీటర్లు నడిస్తే, చక్రం నిమిషానికి సుమారు 12 సార్లు మాత్రమే తిరుగుతుంది. ఆ వేగానికి పలుచని నూనె పొరకట్టలేదు. కావున చిక్కని ముద్ద తప్పనిసరి. ట్రాక్టరు ఇంజనులోని క్రాంకు ఇరుసు నిమిషానికి 2,000 సార్లు తిరుగుతుంది. బండిలో నూనె చిక్కదనం చేయవలసిన పనిలో అధికభాగం ఇక్కడ వేగమే చేసిపెడుతుంది.

ఆముదం ఆకాశయానం

అయినా ఆముదం బండితో ఆగిపోలేదు. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన ఇంజను ఆయిలుకు ‘కాస్ట్రాల్’ అని పేరుపెట్టినది. ఆముదానికి ఇంగ్లీషులో కాస్టర్ ఆయిల్ అని పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో సిలిండర్లే గిరగిర తిరిగే విమాన ఇంజనులకు ఆముదమే పోసేవారు. అది పెట్రోలులో సులభంగా కరగదు, వేడిలోనూ లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. కాని ఎక్కువ కాలం వేడికి గురియైతే గాలిలోని ఆక్సిజనుతో కలిసి జిగురుగా మారి, పిస్టను రింగులను పట్టివేస్తుంది. ఈ దోషం వలన మామూలు ఇంజనులలో ఖనిజ తైలాలే నిలిచినవి.

అంకెల భాష

ఖనిజ తైలాలు రకరకాలుగా వచ్చినందున అందరికీ అర్థమయ్యే ఒక భాష కావలసివచ్చినది. అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం, అనగా ఎస్.ఎ.ఇ., 1911లో తొలి వర్గీకరణను వెలువరించినది. అది క్రమంగా మారుతూ నేటి రూపం పొందినది. నేటి ప్రమాణంలో స్నిగ్ధతను 100 డిగ్రీల వద్ద సెంటీస్టోకులలో కొలుస్తారు. 9.3 నుండి 12.5 లోపు ఉంటే 30వ తరగతి, 12.5 నుండి 16.3 లోపు ఉంటే 40వ తరగతి, 16.3 నుండి 21.9 లోపు ఉంటే 50వ తరగతి. ఈ లెక్కన 100 డిగ్రీల వద్ద సుమారు 19 సెంటీస్టోకులుండే ఆముదం 50వ తరగతిలో చేరుతుంది!

ఈ అంకె చిక్కదనాన్నే తెలుపుతుంది గాని నాణ్యాన్ని తెలుపదు. నాణ్యానికి డబ్బా మీద వేరే గుర్తులుంటాయి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు పలుచగాను, వేడెక్కినప్పుడు చిక్కగాను ఉండే నూనె దొరికితే ఎంత బాగుండును! అటువంటిది ప్రకృతిలో లేదు. అయితే వేడికి నూనెలు ఒకే తీరున పలుచబడవు. ఈ తేడాను కొలిచే స్నిగ్ధతా సూచికను 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు అమెరికనులు ప్రవేశపెట్టినారు. వేడికి విచ్చుకొనే పొడవైన అణువుల పదార్థాలను కలిపి, తక్కువగా పలుచబడే నూనెలను తయారుచేయగలిగినారు. 1950లలో బహుళ తరగతి ఆయిళ్ళు ఇట్లా వాడుకలోకి వచ్చినవి. 15డబ్ల్యూ-40 అనే పేరులో ‘డబ్ల్యూ’ శీతకాలానికి గుర్తు, 40 అనేది 100 డిగ్రీల వద్ద తరగతి.

రేగడి నేలల మీద

రెండవ ప్రపంచయుద్ధంలో పుట్టిన విల్లీస్ జీపును 1940లలోనే మహీంద్రా కంపెనీ మన దేశంలో కూర్చడం ప్రారంభించినది. 1959లో ఐషర్ ట్రాక్టరు, మరుసటి సంవత్సరం మద్రాసులో టాఫే కంపెనీ వచ్చినవి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైనది. కుడికాలువ నీరు గుంటూరు జిల్లాకు, 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాకు అందినది. 2022లో ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలు కూడ ఈ ప్రాంతంలోనివే. వ్యవసాయం విస్తరించిన కొద్దీ ఇంజనులూ పెరిగినవి.

రెంటచింతలలో వేసవిన 45 డిగ్రీలు దాటిన రోజులున్నవి. అయితే ఇంజను లోపలి నూనె మామూలుగానే 90 నుండి 110 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. నీటి చల్లదనం, థర్మోస్టాటు ఆ వేడిని అదుపులో ఉంచుతాయి. కావున బయటి ఎండలో 15 డిగ్రీలు పెరిగితే నూనెలో అంత పెరగదు. గడ్డకట్టే చలికి పైన ఎంత వేడియైనా విల్లీస్ జీపుకు తయారీదారులు సూచించినది 30వ తరగతి నూనె మాత్రమే.

ఇక ‘డబ్ల్యూ’ మాట. 15డబ్ల్యూ నూనెను సున్నకు దిగువ 20 డిగ్రీల వద్ద, 20డబ్ల్యూ నూనెను సున్నకు దిగువ 15 వద్ద పరీక్షిస్తారు. గుంటూరుకు ఆ చలి ఎన్నడూ రాదు. కావున ఇక్కడ ఆ రెంటి మధ్య భేదం స్వల్పం. వేడి అంకెయే ముఖ్యం. అయినా తెల్లవారి ఇంజను తిప్పినప్పుడు బహుళ తరగతి నూనె మేలే చేస్తుంది. 40 డిగ్రీల వద్ద ఒంటి తరగతి 40 నూనె స్నిగ్ధత 140 సెంటీస్టోకుల ప్రాంతంలో ఉంటే, 15డబ్ల్యూ-40 స్నిగ్ధత 110 ప్రాంతంలో ఉంటుంది. అది పైభాగాలకు త్వరగా చేరుతుంది.

అవసరానికి మించి చిక్కనైన నూనె మెల్లగా పారుతుంది, శక్తిని మ్రింగుతుంది, తన ఘర్షణతో తానే వేడెక్కుతుంది. మరీ పలుచనిదైతే పొర తెగి బేరింగు పట్టివేస్తుంది. విత్తనాల వేళ అట్లా జరిగితే రైతుకు మరమ్మతు ఖర్చు ఒక్కటే నష్టం కాదు, అదను కూడ పోతుంది.

తడిసిన రేగడిలో బరువు లాగేటప్పుడు బండి మెల్లగా నడుస్తుంది. ఎదురుగాలి రేడియేటరుకు తగలదు. రేడియేటరు రెక్కలలో దూది, పొట్టు అడ్డుపడితే వేడి మరింత హెచ్చుతుంది. దీనికి మందు చిక్కని నూనె కాదు. రెక్కలు శుభ్రం చేయడం. దుమ్ములో తిరిగే ఇంజనుకు గాలి ఫిల్టరు శుభ్రత, సకాలంలో నూనె మార్పు అంతే అవసరం.

తయారీదారు పుస్తకంలో ఏ తరగతి వ్రాసి ఉన్నదో అదే సరైన ఎన్నిక. బేరింగు సందు, వేగం, బరువు లెక్కగట్టియే వారు ఆ అంకె వేస్తారు.

పాఠశాలలో ఒక ప్రయోగం

ఒకే ఎత్తుగల రెండు గాజు గొట్టాలలో ఆముదం, వేరుశనగ నూనె పోసి, సైకిలు బేరింగులోని చిన్న గుండ్లు ఒక్కొక్కటి వదలి, అడుగుకు చేరే కాలం కొలవాలి. తరువాత ఆముదపు గొట్టాన్ని వేడినీటిలో కొంతసేపు ఉంచి మరల చూడాలి. చల్లగా ఉన్నప్పుడు గుండును మెల్లగా దింపిన ఆ ఆముదంలోనే ఇప్పుడు గుండు ఎన్నో రెట్లు త్వరగా దిగుతుంది. ‘చిక్కని నూనె’ అన్నప్పుడు ‘ఎంత వేడిలో?’ అని అడగాలన్న సంగతి విద్యార్థికి అప్పుడు కంటికే కనబడుతుంది.