పైకి రాని ఇళ్ళు

విజయపురి నీట మునిగింది. ఈ కథ చివర ఏమవుతుందో పల్నాట పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మాచర్ల దాటి సాగర్ దారి పట్టిన ప్రతివాళ్ళూ ఆ నీళ్ళను చూశారు. లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్ళారు. రాతి బొమ్మల ముందు కాసేపు నిలబడ్డారు. స్తూపాలు మునిగాయని, విహారాలు మునిగాయని చెప్పుకుంటాం, చెప్పుకుని బాధపడతాం. ఆ బాధలో ఒక సంగతి ఎప్పుడూ వెనకబడిపోతుంది. ఆ స్తూపాల చెంత విజయపురి అనే నగరం ఉండేది. వీధులుండేవి, వీధుల వెంట వరసగా ఇళ్ళుండేవి. ఆ ఇళ్ళలో పొయ్యి రాజేసినవాళ్ళు, పిల్లల్ని జోకొట్టినవాళ్ళు, అప్పుల లెక్క తలుచుకుని నిద్రపట్టక దొర్లినవాళ్ళు ఉండి ఉంటారు. నా దుఃఖమంతా ఆ ఇళ్ళ గురించే.

మూడు దిక్కులా నల్లమల కొండలు, నాలుగో దిక్కున కృష్ణ. మధ్యలో సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ. ఆ చోటికి మనిషి ఎప్పుడో రాతియుగంలోనే వచ్చాడు. కొత్త రాతియుగంవాళ్ళు తమవాళ్ళను అక్కడే పాతిపెట్టుకున్నారు. ఆ తర్వాతివాళ్ళు పెద్ద బండలు వలయంగా నిలిపి సమాధులు కట్టుకున్నారు. శాతవాహనుల ఏలుబడి చల్లారిపోయాక, క్రీ.శ. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అక్కడ కోట కట్టించాడు. సుమారు 3000 అడుగుల పొడవు, 2000 అడుగుల వెడల్పు ఉన్న కోట అది. లోపల అశ్వమేధం చేసిన చోటు, మెట్లు దిగే కోనేరు. ఏటి ఒడ్డున రాతిమెట్ల స్నానఘట్టం. మరో చోట నాలుగు వైపులా మెట్లు పేర్చిన ప్రేక్షాగారం. నడుమ నిలబడి మామూలు గొంతుతో మాట్లాడినా చివరి మెట్టు మీదివారికి వినిపించేంత నేర్పుగా కట్టారు దాన్ని.

కోట గోడ అవతల జనం ఉండేవాళ్ళు. రాళ్ళు పేర్చి మట్టి అడుసుతో లేపిన గోడలు. పల్నాటి పాత పల్లెల్లో ఇప్పటికీ కూలకుండా మిగిలిన ఇళ్ళ గోడలూ అలాంటివే. అక్కడ ఒక కంసాలి ఇల్లు బయటపడింది. మూసలు, అచ్చులు, గీటురాయి, పని మధ్యలో లేచి వెళ్ళినవాడి సామానులా దొరికాయి. అతని పేరు ఏ శాసనంలోనూ లేదు. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు రాజైన ఆరో ఏట మహాచైత్యం పని పూర్తి చేయించిన అతని మేనత్త శాంతిశ్రీ పేరు ఎన్ని స్తంభాల మీదుందో చూడండి. ఉజ్జయిని నుంచి కోడలిగా వచ్చి 170 దీనారి మాషకాలు దానమిచ్చిన రుద్రధర భట్టారిక పేరుంది. కంసాలి పేరు లేదు. అతని గీటురాయి ఉంది. నాకు ఆ రాయి ఆ స్తంభాలన్నిటికంటే దగ్గరగా తోస్తుంది.

ఎంతమంది ఉండేవారో లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. ఎలాంటివాళ్ళు ఉండేవారో మాత్రం కొంత తెలుసు. తమలపాకులు అమ్మేవాళ్ళకు ఒక శ్రేణి, పిండివంటలు చేసేవాళ్ళకు ఒక శ్రేణి ఉండేవని శాసనం చెబుతుంది. ఆ శ్రేణుల దగ్గర ధర్మం సొమ్ము దాచేవారట. అంటే ఆకులమ్మేవాడి మాట మీద, అరిసెలు వండేవాడి మాట మీద ఊరికి అంత నమ్మకం. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, యవన, వంగ, వనవాసి, దమిళ, తామ్రపర్ణి ద్వీపం ఇన్ని పేర్లు వరసగా వస్తాయి. ఆ దేశాలను ప్రసన్నం చేసిన థేరుల కోసం ఆమె కట్టించిన చైత్యగృహం అది. సింహళ భిక్షువులకు వేరే విహారమే ఉండేది. రోమను బంగారు నాణేలు ఆ మట్టిలో దొరికాయి. ఒకవైపు ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు, మరోవైపు కృష్ణ ఒడ్డున శివుడి గుళ్ళు, కార్తికేయుడి గుడి. రాజులు యజ్ఞాలు చేస్తే వాళ్ళింటి ఆడవాళ్ళు చైత్యాలు కట్టించారు. ఒక గడప లోపలే రెండు దారులూ నడిచాయి. పల్నాడంటే పగలూ పంతాలూ అని రాసేవాళ్ళు ఈ నగరాన్ని ఒక్కసారి తలుచుకుంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

చావు కూడా ఊరితో కలిసే ఉండేది. చనిపోయినవారి కోసం ఛాయాస్తంభాలు నిలిపేవాళ్ళు. శాంతమూలుడికి అతని వాళ్ళంతా కలిసి నిలిపారు. యుద్ధంలో పడిన సేనానులకు నిలిపారు. పోయినవాడి నీడ ఊళ్ళోనే ఉండాలని కోరుకున్న మనుషులు వాళ్ళు.

మొదటి పతనం ఎలా వచ్చిందో పూర్తిగా తెలియదు గాని, అది రావడానికి ముందటి ఒక రాత ఉంది. వీరపురుషదత్తుడు ఉజ్జయిని పిల్లను తెచ్చుకున్నాడు. తన కూతురు కొడబలిశ్రీని వనవాసి రాజుకిచ్చాడు. పడమటి దిక్కున బంధుత్వాలు కట్టుకుంటే ఆ దిక్కు నుంచి భయం ఉండదని అనుకుని ఉంటాడు. అతని తర్వాత విజయపురిలోనే, అష్టభుజస్వామి గుడి దగ్గర, ఆభీర రాజు వసుసేనుడి శాసనం వెలిసింది. అందులో అవంతి శకరాజు రుద్రదాముడి పేరుంది, వనవాసి శాతకర్ణి పేరుంది. కోడలు పుట్టిన సీమ, కూతురు మెట్టిన సీమ, రెండూ పరాయి రాజు శాసనంలో. ఆ బంధుత్వాలు ఒక్క తరం పాటు గట్టిగా నిలిచి ఉంటే ఏమయ్యేదో! వీరపురుషదత్తుడి కొడుకు ఎహువుల శాంతమూలుడు ఊరిని మళ్ళీ నిలబెట్టాడు, గుళ్ళు కట్టించాడు. అతని కొడుకు రుద్రపురుషదత్తుడి తర్వాత ఇక్ష్వాకుల మాట వినపడదు. నాలుగో శతాబ్దం వచ్చేసరికి మంచికల్లు శాసనంలో పల్లవ సింహవర్మ పేరు కనిపిస్తుంది. పల్నాటికి ఏలిక మారాడు. కొలువు పోయాక కంసాలికి పని ఉండదు, ఆకులవాడికి బేరం ఉండదు. రాజధాని పోతే గుళ్ళకు ఎవరో ఒకరు దీపం పెడతారు. ఇళ్ళు మాత్రం ఒకటొకటిగా తలుపులు వేసుకుంటాయి.

తర్వాత శతాబ్దాల తరబడి గోడలు కూలాయి, మట్టి కప్పింది, మట్టి మీద చేలు వచ్చాయి. ఆ లోయలోనే పుల్లారెడ్డిగూడెం అనే చిన్న పల్లె పుట్టింది. విజయపురి అనే పేరు జనం నోట నిలవలేదు, కొండకు నాగార్జునుడి పేరు మాత్రం మిగిలింది.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడొక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు. మద్రాసు శాసన శాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న సరస్వతి వచ్చి చూసి, అది మామూలు దిబ్బ కాదని పోల్చుకున్నాడు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. మహాచైత్యంలో వెండి, బంగారు భరిణెల్లో దాచిన ధాతువు దొరికింది. ఆ తర్వాత 1938లో టి.ఎన్.రామచంద్రన్ వచ్చాడు. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు. అయినా వాళ్ళు వెదికింది ముఖ్యంగా చైత్యాలను, విహారాలను, శిల్పాలను. ఊరు అలాగే మట్టి కింద ఉండిపోయింది. తొందరేముంది, భూమి ఎక్కడికీ పోదు కదా అనుకునే రోజులవి. 1926కూ, పెద్ద తవ్వకం మొదలైన 1954కూ మధ్య 28 ఏళ్ళు. ఆ 28 ఏళ్ళలో ఏటా ఒక్క వీధి తవ్వి ఉంటే! ఏ ఇంట్లో ఎన్ని గదులు, ఏ వాడలో ఎవరు, ఎప్పుడు కట్టారు, ఎప్పుడు విడిచారు అనే లెక్కలు నిదానంగా తేలి ఉండేవి. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేవి ఆ ఖాళీ ఏళ్ళే.

ఎందుకంటే మరోవైపు కృష్ణకు అడ్డుకట్ట ఆలోచన అప్పటికే నడుస్తోంది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ నందికొండ దగ్గర డ్యాం కావాలని పట్టుబట్టారు. 1952లో దాన్ని పరిశీలించడానికి ఖోస్లా కమిటీ వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. కరువు చూసిన తరం వాళ్ళది. నీళ్ళు కావాలన్నవాళ్ళను నేను తప్పుపట్టలేను. కుడి కాలువ కింద పండిన అన్నం తిన్నవాళ్ళలో మనమంతా ఉన్నాం. నీటికీ నగరానికీ మధ్య ఏదో ఒకటే మిగలాలని తేలిన రోజున నగరం తరఫున మాట్లాడగలిగినవాళ్ళు బహు కొద్దిమంది. అందులో ఇళ్ళ తరఫున మాట్లాడినవాళ్ళు ఇంకెంతమందో!

1954లో రాయప్రోలు సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకం మొదలైంది, 1960 దాకా సాగింది. వీధులు, ఇళ్ళు ఎక్కువగా వెలుగు చూసింది అప్పుడే. పదహారు వందల ఏళ్ళ చీకటి తర్వాత ఆ గడపల మీద ఎండ పడింది. అంతలోనే గడువు. ఒకవైపు డ్యాం గోడ లేస్తోంది, మరోవైపు వీళ్ళు కొలతలు వేస్తున్నారు, ఫోటోలు తీస్తున్నారు, కుండపెంకులకు అంకెలు వేస్తున్నారు. ఒక్కొక్క ఇల్లు బయటపడ్డ సంతోషం, అది మునిగిపోతుందన్న ఎరుక, రెండూ ఒకే పూట. ఆ ఆరేళ్ళూ అక్కడ పనిచేసినవాళ్ళ మనసు ఎలా ఉండేదో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

ఏది పైకి తీసుకువెళ్ళాలి? ఆ ప్రశ్న వచ్చినప్పుడు జవాబు ముందే సిద్ధంగా ఉంది. మహాచైత్యం, విహారం, స్నానఘట్టం, ఒక పాత బండల సమాధి, ఇలాంటి తొమ్మిది కట్టడాలను రాయి రాయి విప్పి కొండ మీద మళ్ళీ కట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు చేశారు. ప్రేక్షాగారాన్ని అనుపుకు తరలించారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. గొప్ప పని, అంత తక్కువ కాలంలో ఆ రోజుల సాధనాలతో చేసిన పని. అయినా ఆ రాళ్ళ మధ్య నిలబడితే తెలుస్తుంది: దేవుళ్ళకు కట్టినవి, భిక్షువులకు కట్టినవి, ఆఖరికి చచ్చినవాళ్ళకు కట్టినదీ పైకి వచ్చాయి. బతికినవాళ్ళు బతకడానికి కట్టుకున్న ఇళ్ళు అక్కడే ఉండిపోయాయి.

అదే కాలంలో నైలు నది మీదా ఇదే జరిగింది. అస్వాన్ డ్యాం కోసం అబూ సింబెల్ గుళ్ళను 1964, 1968 మధ్య ముక్కలుగా కోసి ఎత్తుకు చేర్చారు. ప్రపంచమంతా సాయం చేసింది. సూడాన్‌లోని పాత వాది హల్ఫా పట్టణం మాత్రం జనం లేచిపోయాక మునిగిపోయింది. ఇక్కడ కృష్ణకు అవతలి ఒడ్డున, నల్లగొండ వైపు, ఏలేశ్వరం కూడా అలాగే పోయింది.

పుల్లారెడ్డిగూడెం సంగతి చెప్పకుండా దాటలేను. విజయపురి ఇళ్ళను విడిచినవాళ్ళను మనం చూడలేదు. పుల్లారెడ్డిగూడెం ఇళ్ళను విడిచినవాళ్ళు మన తాతల కాలంవాళ్ళు. లోయలోని పల్లెలూ తండాలూ ముంపు జాబితాలోకి ఎక్కాయి. ముంపు ఊళ్ళలో మనుషులు వాసాలు, తలుపులు, దూలాలు విప్పుకుంటారు. బండి మీద వేసుకోగలిగిన ఇల్లు అంతే. పొయ్యిగడ్డ రాదు, చింతచెట్టు రాదు, సమాధులు రావు. లోయ రెండోసారి ఖాళీ అయింది. మొదటిసారి ఖాళీ కావడానికి తరాలు పట్టి ఉంటుంది. రెండోసారి అంత వ్యవధి ఎవరూ ఇవ్వలేదు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. దిగువన గుంటూరు, ప్రకాశం మాగాణుల్లో వరి తలెత్తింది. సాగర్‌కు అంత దగ్గరలో ఉన్న వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టలు మాత్రం వరికపూడిశెల ఎత్తిపోతల కోసం దశాబ్దాలుగా ఎదురు చూస్తూ ఉండిపోయాయి. మునిగిన నేల పల్నాటిదే, ఎండిన నేలా పల్నాటిదే.

డ్యాం కట్టేవాళ్ళ కోసం లేచిన కాలనీకి విజయపురి పేరే పెట్టారు. కుడిగట్టున విజయపురి సౌత్. వేల మంది కూలీలు, మేస్త్రీలు, ఇంజినీర్లు, వాళ్ళ పిల్లలు. వరసలుగా క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, సంత. కొన్నేళ్ళు అది నిజంగానే నగరంలా కళకళలాడింది. పని అయిపోయింది, మనుషులు చెదిరిపోయారు, క్వార్టర్ల పైకప్పుల మీద గడ్డి మొలిచింది. ఈ పేరు పెట్టుకున్న ఊరికి ఈ రాతే ఉందేమోనని నమ్మాలనిపించే వేళలున్నాయి. రాత మీద తోసేస్తే మనం చేయనివన్నీ మాఫీ అయిపోతాయి గనక నమ్మను.

తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో అచ్చయింది. ఇక్ష్వాకుల కాలానికి చెందిన రెండో సంపుటం 2006లో వచ్చింది. చివరి పార నేల దిగిన 46 ఏళ్ళకు. 1960లో ఆ వీధుల్లో తిరిగిన ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఉంటే, వాటి సంగతి పుస్తకంలో చదివేసరికి అతనికి అరవై ఆరేళ్ళు వచ్చాయి. ఆఖరి రోజుల్లో తండ్రి పక్కన కూర్చుని ఊరి సంగతులన్నీ గబగబా రాసుకున్న కొడుకు, ఆ కాగితాలు పెట్టెలో పెట్టి తాను ముసలివాడయ్యాక తెరిచినట్టుంది.

2022లో పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట కేంద్రమైంది. తన తొలి నగరం ఏదో చెప్పుకోగలిగిన జిల్లాలు ఎన్నో లేవు. అనుపులో ప్రేక్షాగారం ఉంది. దాని ఎదుట ఖాళీ జాగా ఉంది. కొలతలు పుస్తకంలో ఉన్నాయి. నాపరాయి మాచర్లలో దొరుకుతుంది, మట్టి అడుసుతో గోడ లేపడం తెలిసిన ముసలి మేస్త్రీలు కారంపూడి, దుర్గి వైపు ఇంకా ఒకరిద్దరైనా ఉంటారు. ఆ కంసాలి ఇల్లు ఒక్కటి అక్కడ కట్టి, లోపల ఒక గీటురాయి పెట్టాలని నా కోరిక. ఆ మేస్త్రీలు ఉండగానే.