ఎర్ర వైను

ఎర్ర వైను అనగా నల్ల ద్రాక్ష పండ్లను తొక్కలతో సహా పులియబెట్టి తయారుచేసే మద్యం. దీనిలో ఆల్కహాలు సాధారణంగా 12 నుండి 15 శాతం వరకు ఉంటుంది. ఒక సీసాలో 750 మిల్లీలీటర్లు పట్టడం అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న కొలత. తెలుగునాట మద్యం దుకాణాల బోర్డులపై "వైన్స్" అని వ్రాయడం వలన ఈ మాట అన్ని రకాల మద్యానికీ వర్తిస్తుందని చాలామంది భావిస్తారు. నిజానికి విస్కీ, బ్రాందీ వంటివి బట్టీ పట్టి తీసిన సారాయిలు. వైను కేవలం పులిసిన ద్రాక్షరసం.

ప్రపంచంలో అనేక ప్రాంతాలలో, అనేక ద్రాక్ష రకాలతో ఎర్ర వైను తయారవుతుంది. ఒక సీసా కొన్ని డాలర్లకే దొరకవచ్చును, మరొకటి వేల డాలర్లు పలకవచ్చును. ఈ వ్యత్యాసానికి కారణాలేమిటి, ధరకు రుచికి గల సంబంధమెంత, కొనేవారు వేటిని గమనించాలి అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

తయారీ

చాలా రకాల నల్ల ద్రాక్షలలో లోపలి గుజ్జు, రసం రంగులేనివే. ఎరుపు రంగు తొక్కలోని ఆంథోసయనిన్లు అనే వర్ణకాల వలన వస్తుంది. అందుచేత ఎర్ర వైను తయారీలో పండ్లను చిదిమి, తొక్కలను, గింజలను రసంలోనే ఉంచి పులియబెడతారు. ఈస్టు అనే సూక్ష్మజీవి రసంలోని చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. ఇదే సమయంలో తొక్కలనుండి, గింజలనుండి టానిన్లు అనే వగరు పదార్థాలు దిగుతాయి. పచ్చి అరటికాయ కొరికినపుడో, చిక్కని తేనీరు త్రాగినపుడో నోరు పట్టేసినట్లు అనిపించేది ఈ టానిన్ల వలననే.

పులియడం పూర్తయిన పిదప మాలిక్ ఆమ్లం, బాక్టీరియా చర్యచే మృదువైన లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. తరువాత వైనును ఉక్కు తొట్లలోగాని, ఓక్ చెక్కతో చేసిన పీపాలలోగాని నిలువచేస్తారు. కొత్త పీపా వైనుకు వెనిల్లా, లవంగం వంటి పరిమళాలను ఇస్తుంది.

ముఖ్యమైన ద్రాక్ష రకాలు

* కాబెర్నే సావిన్యోన్: దళసరి తొక్క, అధికమైన టానిన్లు గల రకం. ఇది కాబెర్నే ఫ్రాంక్, సావిన్యోన్ బ్లాంక్ అనే రెండు రకాల సంకరమని 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు డి.ఎన్.ఏ. పరీక్షల ద్వారా నిరూపించారు.
* మెర్లో: కాబెర్నే కంటె మృదువైనది, త్వరగా పండుతుంది.
* పినో న్వార్: పలుచని తొక్క, లేత రంగు, తక్కువ వగరు. సాగు కష్టం కనుక ధర ఎక్కువ.
* సిరా: ఆస్ట్రేలియాలో దీనినే షిరాజ్ అంటారు. దీనిలో మిరియాల వాసన తోస్తుంది.
* మాల్బెక్: ఫ్రాన్సులో పుట్టి అర్జెంటీనాలో పేరు తెచ్చుకున్నది.
* టెంప్రానియో: స్పెయిన్ దేశపు ప్రధాన రకం.
* సాంజియోవేసె, నెబ్బియోలో: ఇటలీకి చెందినవి. రెండింటిలోను పులుపు ఎక్కువ.
* కార్మెనేర్: చిలీలో చాలాకాలం మెర్లోగా పొరబడిన రకం. 1994లో ఫ్రెంచి నిపుణుడు ఝాన్ మిషెల్ బూర్సికో దీనిని గుర్తించారు.

ప్రాంతాలు

ఫ్రాన్సు

బోర్డో ప్రాంతంలో జిరోండ్ నది ఎడమ ఒడ్డున కాబెర్నే సావిన్యోన్, కుడివైపున గల సాంతెమిల్యోన్, పొమెరోల్ లలో మెర్లో ప్రధానమైనవి. 1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శన సందర్భంగా మూడవ నెపోలియన్ కోరికపై ఇక్కడి వైన్లను ఐదు తరగతులుగా విభజించారు. ఈ విభజనకు ఆధారం అప్పటి మార్కెట్ ధరలే. నాటి మొదటి తరగతిలో లాఫీట్, లాతూర్, మార్గో, ఓ-బ్రియోన్ అనే నాలుగు తోటలు ఉండగా, 1973లో మూతోన్ రోత్‌షీల్డ్ చేర్చబడినది. నూట డెబ్బై ఏళ్ళనాటి ఈ పట్టిక నేటికీ ధరలను ప్రభావితం చేస్తున్నది.

బర్గండీలో తరగతి యజమానిని బట్టి కాక భూమిని బట్టి నిర్ణయించబడుతుంది. ప్రాంతీయ వైను, గ్రామ వైను, ప్రెమియే క్రూ, గ్రాంద్ క్రూ అని నాలుగు మెట్లు కలవు. ప్రసిద్ధిచెందిన రోమనే-కోంతి తోట విస్తీర్ణం రెండు హెక్టార్ల కంటె తక్కువ. సరఫరా ఇంత పరిమితం కావడమే దాని ధరకు ముఖ్య కారణాలలో ఒకటి.

రోన్ లోయ ఉత్తర భాగంలో సిరా, దక్షిణ భాగంలో గ్రెనాష్ పండుతాయి. బోజోలే ప్రాంతంలో గామే అనే రకంతో తేలికైన వైను చేస్తారు. అక్కడి పది ప్రత్యేక గ్రామాల వైన్లు మిగిలినవాటికంటె గాఢంగా ఉంటాయి.

ఇటలీ, స్పెయిన్

ఇటలీలోని పియెమోంతె ప్రాంతపు బరోలో నెబ్బియోలోతో తయారవుతుంది. అమ్మకానికి ముందు దీనిని కనీసం 38 నెలలు నిలువచేయవలెనని నిబంధన. టస్కనీలోని కియాంతి క్లాసికో సీసాపై నల్ల కోడిపుంజు గుర్తు ఉంటుంది. అదే ప్రాంతానికి చెందిన సాస్సికాయియా 1968 పంటతో అమ్మకానికి వచ్చినపుడు, స్థానిక నియమాలలో ఇమడనందున, అన్నిటికంటె తక్కువ తరగతియైన సాధారణ భోజన వైనుగానే ముద్రించబడినది. అయినను పేరు పొందినది. అధికారిక తరగతి, నాణ్యత ఎల్లప్పుడు ఒకటి కావనుటకు ఇది తరచు చూపే ఉదాహరణ.

స్పెయిన్ లోని రియోహాలో ఎర్ర వైనును నిలువ కాలాన్నిబట్టి విభజిస్తారు. క్రియాన్సాకు కనీసం 2 సంవత్సరాలు, రెసెర్వాకు 3, గ్రాన్ రెసెర్వాకు 5 సంవత్సరాలు. నిలువ ఖర్చు ఉత్పత్తిదారుడే భరించి, త్రాగడానికి సిద్ధమైన తరువాత అమ్ముతాడు కనుక, పాత వైను రుచి తెలుసుకోదలచినవారికి రియోహా అందుబాటు ధరలో లభించే మార్గం.

ఇతర ఖండాలు

1976 మే 24న పారిస్ లో బ్రిటిష్ వర్తకుడు స్టీవెన్ స్పరియర్ ఏర్పాటుచేసిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి, ఎర్ర వైన్లలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 పంటకు ప్రథమ స్థానం ఇచ్చారు. బోర్డోకు చెందిన మూతోన్ రోత్‌షీల్డ్ 1970 ద్వితీయ స్థానంలో నిలిచినది. ఐరోపాకు వెలుపల కూడ మేలైన వైను సాధ్యమని అప్పటినుండి లోకం అంగీకరించినది. అర్జెంటీనాలో మెండోసా, ఆస్ట్రేలియాలో బరోసా, దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బోష్ ప్రసిద్ధ ప్రాంతాలు. దక్షిణాఫ్రికాకు ప్రత్యేకమైన పినోటాజ్ ద్రాక్షను 1925లో అబ్రహాం పెరోల్డ్ అనే ఆచార్యుడు సృష్టించారు.

భారతదేశం

మహారాష్ట్రలోని నాసిక్, కర్ణాటకలోని నంది కొండల పరిసరాలు ముఖ్య కేంద్రాలు. నాసిక్ లోని సులా సంస్థ 1999లో ఆరంభమైనది. కర్ణాటకలోని హంపి కొండల ప్రాంతంలో హైదరాబాదుకు చెందిన పారిశ్రామికవేత్త చిగురుపాటి కృష్ణప్రసాద్ నెలకొల్పిన క్రస్మా తోటలలో కాబెర్నే సావిన్యోన్, సాంజియోవేసె వంటి రకాలు పండుతున్నవి. హైదరాబాదు పరిసరాలలో పేరొందిన అనాబెషాహి వంటివి తినే ద్రాక్షలు. ఎర్ర వైనుకు వాడే ద్రాక్షలు చిన్నవిగా, దళసరి తొక్కతో, ఎక్కువ గింజలతో ఉంటాయి. భారతదేశంలో మద్యంపై పన్ను రాష్ట్రాల అధికారంలో ఉన్నందున ఒకే సీసా ధర రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. దిగుమతి వైన్లపై చాలాకాలం 150 శాతం కస్టమ్స్ సుంకం ఉండినది. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఒప్పందం ద్వారా ఆస్ట్రేలియా వైన్లలో నిర్ణీత ధరకు పైబడినవాటికి ఇది తగ్గించబడినది.

ధరను నిర్ణయించే అంశాలు

ఎకరానికి దిగుబడి, చేతితో కోత, భూమి విలువ, పీపాలు, నిలువ కాలం అనేవి ఉత్పత్తి ఖర్చులు. 225 లీటర్ల బోర్డో పీపాలో పట్టేది 300 సీసాలు మాత్రమే. కావున కొత్త పీపా ఖరీదు ప్రతి సీసాపైన పడుతుంది. అందుచేతనే చౌక వైన్లలో కొత్త పీపాలకు బదులు ఓక్ చెక్క ముక్కలను వాడుతారు.

సీసా, బిరడా, రవాణా, పరిమాణాన్నిబట్టి వేసే సుంకం చౌక వైనుకూ ఖరీదైన వైనుకూ దాదాపు ఒకటే. అందువలన అన్నిటికంటె చౌకైన సీసాలో ద్రాక్షపై వెచ్చించినది బహు స్వల్పం. దానికంటె కొద్దిగా పై మెట్టుకు వెళ్ళినపుడు అదనంగా చెల్లించినదానిలో ఎక్కువ భాగం వైనుకే చెందుతుంది. ఒక స్థాయి దాటిన తరువాత పెరిగే ధర కీర్తికి, కొరతకు, సేకరణదారుల పోటీకి చెల్లించేది.

ధర, రుచి

2008లో ప్రచురించబడిన ఒక పరిశోధనలో 6,000కు పైగా రుచి పరీక్షల ఫలితాలను పరిశీలించారు. ధర తెలియనపుడు, వైనులో శిక్షణ లేని సామాన్యులు ఖరీదైనవాటిని ఎక్కువగా ఇష్టపడలేదు. పైగా కొద్దిగా చౌకవాటివైపే మొగ్గారు. అదే ఏడాది ప్రచురించబడిన, కాలిఫోర్నియాలో జరిగిన మరొక ప్రయోగంలో 5 డాలర్ల వైనును 45 డాలర్లదని, 90 డాలర్ల వైనును 10 డాలర్లదని చెప్పి ఇచ్చారు. ఎక్కువ ధర చెప్పినపుడు అదే వైను ఎక్కువ రుచిగా ఉన్నదని పాల్గొన్నవారు తెలిపారు. మెదడులో ఆనందాన్ని సూచించే భాగం కూడ ఎక్కువగా స్పందించినది. వీటినిబట్టి ధర అబద్ధమని కాదు, ధర తెలిసిన నాలుక స్వతంత్రంగా తీర్పు చెప్పజాలదని గ్రహించవలెను.

ధరలవారీగా ఎంపిక

అమెరికాలోని చిల్లర ధరల ప్రకారం స్థూలమైన విభజన ఈ క్రింది విధంగా ఉంటుంది.

* 10 డాలర్ల లోపు: చిలీ, స్పెయిన్ లోని గార్నాచా, ఇటలీలోని మోంతెపుల్చానో ద'అబ్రుజ్జో. ఈ ధరలో ప్రసిద్ధ ప్రాంతాల పేర్లకంటె ఎండ ఎక్కువగా గల, భూమి చౌకైన ప్రాంతాలు మేలు.
* 10 నుండి 20 డాలర్లు: కోత్ ద్యు రోన్, రియోహా క్రియాన్సా, మెండోసా మాల్బెక్, కియాంతి.
* 20 నుండి 50 డాలర్లు: బోజోలే గ్రామ వైన్లు, కియాంతి క్లాసికో రిసెర్వా, రియోహా రెసెర్వా, బోర్డోలోని తక్కువ పేరుగల తోటలు.
* 50 డాలర్లకు పైన: బరోలో, నాపా లోయ కాబెర్నే, బర్గండీలోని మంచి తోటలు. వీటిలో అనేకం సంవత్సరాల తరబడి నిలువచేయదగినవి. వెంటనే త్రాగితే వగరుగా తోచవచ్చును.

లేబులు చదవడం

సీసాపై ముద్రించిన సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం. ఐరోపాలో ఒక ద్రాక్ష పేరు వేయవలెనంటే ఆ రకం కనీసం 85 శాతం ఉండాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 75 శాతం చాలును. రియోహాలో "రెసెర్వా" అనే మాటకు చట్టబద్ధమైన అర్థం ఉన్నది. అమెరికాలో "రిజర్వ్" అనే మాటకు అటువంటి కట్టుబాటు లేదు. "పాత తీగలు" అనే మాటకు కూడ ఫ్రాన్సులో నిర్ణీత వయసు లేదు. సీసా బరువు, బంగారు అక్షరాలు నాణ్యతకు సాక్ష్యం కావు. పాతదంతా మంచిదనుట కూడ సరికాదు. ప్రపంచంలో తయారయ్యే వైన్లలో అధికభాగం కొద్ది సంవత్సరాలలోనే త్రాగవలసినవి.

కల్తీ, నకిలీలు

1986లో ఇటలీలో ఆల్కహాలు శాతం పెంచడానికి చౌక వైనులో మిథనాల్ కలిపినందున 20 మందికి పైగా మరణించారు, పలువురు చూపు కోల్పోయారు. దీని తరువాత ఆ దేశంలో తనిఖీలు కఠినమైనవి. ధర ఎక్కువైనంత మాత్రాన మోసం ఉండదని అనుకొనరాదు. చౌక వైన్లను కలిపి పాత బర్గండీ, బోర్డో సీసాలుగా వేలంలో అమ్మిన రూడీ కుర్నియావాన్ 2013లో న్యూయార్కులో దోషిగా నిర్ధారించబడి, మరుసటి సంవత్సరం పదేళ్ళ శిక్ష పొందాడు. సొమ్ము పోగొట్టుకున్నవారిలో పేరుగల సేకరణదారులు కూడ ఉన్నారు. కావున లైసెన్సు గల దుకాణం, చెక్కుచెదరని సీలు చూచుకొనడం అన్ని ధరలలోను అవసరం.

నిలువ, వడ్డన

వైనును సుమారు 12 నుండి 14 డిగ్రీల సెల్సియస్ లో, వెలుతురు సోకకుండా, బిరడా ఎండిపోకుండా అడ్డంగా పరుండబెట్టి ఉంచుతారు. ఎర్ర వైనును "గది ఉష్ణోగ్రతలో" ఇవ్వవలెననే మాట చల్లని ఐరోపా ఇళ్ళకు చెందినది. 15 నుండి 18 డిగ్రీలు తగినది. తెలుగునాట వేసవిలో గది వేడి దీనికి రెట్టింపు కూడ ఉండవచ్చును గనుక వడ్డనకు ముందు సీసాను కొంతసేపు చల్లబరచవలసి ఉంటుంది. ఎండ తగిలే అలమరలో నిలబెట్టిన ఖరీదైన సీసాకంటె చల్లగా ఉంచిన సాధారణ సీసా మేలు.

టానిన్లు మాంసపు క్రొవ్వుతో కలిసినపుడు మృదువుగా తోస్తాయి. మిరపకారం మాత్రం ఆల్కహాలు వలన మరింత మండుతుంది. అందుచేత కారపు కూరలతో తక్కువ ఆల్కహాలు, తక్కువ వగరు గల గామే, పినో న్వార్ వంటివి సరిపోతాయి.

ఆరోగ్యం, చట్టం

ఎర్ర వైను గుండెకు మంచిదనే అభిప్రాయం 1990 దశకంలో బాగా వ్యాపించినది. తొక్కలోని రెస్వెరట్రాల్ దీనికి కారణమని చెప్పబడినది. కాని వైనులో ఆ పదార్థం అతి స్వల్పం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన కాన్సర్ పరిశోధనా సంస్థ మద్య పానీయాలను 1988లోనే కాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చినది. ఎంత తక్కువ మోతాదైనను పూర్తిగా సురక్షితమని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. ఈ విషయంలో చౌక వైనుకు, ఖరీదైన వైనుకు భేదం లేదు. హాని ఆల్కహాలు మోతాదును బట్టి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మడం నేరం. గుజరాత్, బీహార్ వంటి రాష్ట్రాలలో మద్యనిషేధం అమలులో ఉన్నది. గర్భిణులు, కాలేయ వ్యాధిగ్రస్తులు, వాహనం నడుపవలసినవారు వైనును పూర్తిగా మానవలెను.