చెప్పకుండా విరిగే బోల్టు

ముంబైకి పడమట, ఒడ్డుకు సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ముంబై హై చమురు క్షేత్రం. హెలికాప్టర్ దిగి ఇనప మెట్ల మీదుగా కింది డెక్‌కు చేరేసరికే మీ కళ్ళద్దాలకు ఉప్పు పట్టేసింది. కాళ్ళ కింది జాలీలోంచి అలలు కనబడుతున్నాయి.

ఎదురుగా ఛాతీ ఎత్తున గ్యాస్ వాల్వు. లైను ఖాళీ చేసి, తాళం వేసి, ట్యాగు కట్టారు. వాల్వు బాడీనీ దాని పైమూత బానెట్‌నీ కలిపి పట్టే స్టడ్ల (రెండు కొసలా మరలున్న బోల్టుల) మీద నీలం పూత. స్పానర్ గీరుకున్నచోట పూత లేచి ఎర్రటి చార దిగింది. ఫిట్టర్ నట్టు తిప్పబోయాడు. కదల్లేదు. నూనె పోసి, కాసేపు ఆగి, మళ్ళీ బలం పెట్టాడు. కిర్రుమని వదిలింది. ఊడదీసిన స్టడ్డు మీ చేతిలో పెట్టాడు. రెండు కొసలూ బాగున్నాయి. నడుమ, ఫ్లాంజీల సందులో ఉప్పునీరు నిలిచేచోట, తుప్పు తినేసి ఉక్కు సన్నబడింది.

"ఇది నయం సార్. చెప్పి పోతోంది" అన్నాడు.

నిజమే. చెప్పకుండా పోయేదే ప్రాణాంతకం. జింకు పూత పెట్టేటప్పుడు గానీ, నీటి కింద తుప్పు ఆపడానికిచ్చే కరెంటు మోతాదు మించినప్పుడు గానీ పుట్టిన హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరుతుంది. అంత గట్టిదాన్నే బిగించి లాగి ఉంచితే సాగదు, వంగదు, ఒకరోజు ఫట్టుమంటుంది. అందుకే సముద్రగర్భంలో వాడే బోల్టుల కాఠిన్యం సాధారణంగా రాక్‌వెల్ సి కొలమానంలో 35 దాటనివ్వరు. పూత వేశాక గంటల తరబడి ఓవెన్‌లో కాల్చి హైడ్రోజన్‌ను తరిమేస్తారు.

ఆ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో 2012 డిసెంబరులో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో తేలింది. బావిని మూసే వాల్వుల వ్యవస్థలో ఒక కనెక్టర్ బోల్టులు విరిగి, 430 బ్యారెళ్ళ పైచిలుకు డ్రిల్లింగ్‌లో వాడే బురద ద్రవం సముద్రంలో కలిసింది. పూత వేశాక కాల్చడంలో లోపం ఉందని విచారణలో బయటపడింది. పది వేలకు పైగా బోల్టులు మార్చాల్సి వచ్చింది.

బోల్టులు కొనేవారికి ఒక్క విన్నపం: ధర అడిగే ముందు కాఠిన్యం పరీక్ష కాగితం, ఓవెన్ రికార్డు అడగండి. అవి లేని పెట్టెను డెక్ ఎక్కనివ్వకండి.