మార్కాపురం పలకరాయి: సైజు పెరిగితే అడుగు ధరా పెరుగుతుంది

మార్కాపురం పలకరాయిని చదరపుటడుగుల్లో కొలిచి అమ్ముతారు గానీ అన్ని అడుగులూ ఒకే ధర పలకవు. రాయి ఒకటే అయినా, అడుగు చదరం బిళ్లలో కంటే రెండడుగుల చదరం బిళ్లలో అడుగు ఖరీదు ఎక్కువ. ఇళ్ల స్థలాల లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. ఎకరం మొత్తంగా కొన్నవారికి గజం చవగ్గా పడుతుంది, అదే నేలను ప్లాట్లు వేసి అమ్మితే గజం ధర పెరుగుతుంది. అపార్ట్‌మెంట్లలోనూ చిన్న ఫ్లాటుకే సాధారణంగా అడుగు ధర ఎక్కువ తేలుతుంది, ఎందుకంటే వంటగది, బాత్రూము ఖర్చు ఫ్లాటు చిన్నదైనంత మాత్రాన తగ్గదు. రాతి విషయంలో లెక్క ఎందుకు తిరగబడిందన్న దానికి జవాబు ఆ రాయి పుట్టుకలోనే ఉంది.

నల్లమల తూర్పు అంచున, కంభం నుంచి మార్కాపురం వైపు పరుచుకున్న ఈ రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు కంభం శిలా సముదాయంలో చేర్చారు. ఈ ప్రాంతపు కడప, కర్నూలు రాతి పొరలపై భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ రాసిన గ్రంథం 1872లోనే వెలువడింది. నూరు కోట్ల ఏళ్లకు పూర్వం నీటి అడుగున పేరుకున్న బంకమన్ను గట్టిపడి, తరువాత పక్కల నుంచి వచ్చిన ఒత్తిడికి నలిగి పలకరాయిగా మారింది. ఆ ఒత్తిడి రాతికి రెండు గుణాలిచ్చింది. ఒకటి, ఉలి పెట్టి కొడితే పల్చని రేకులుగా విడిపోవడం. రెండోది పనివాళ్లకు గిట్టనిది: రాతినిండా అడ్డదిడ్డంగా పగుళ్లు, పలుగురాయి చారలు. వీటికి తోడు రాతిలో తడి తగిలితే తుప్పు మరక వేసే ఇనుప గంధకపు పలుకులూ ఉంటాయి.

పగుళ్ల ప్రభావం ఎంతో ఒక ఊహాలెక్కతో తెలుస్తుంది. రాతిలో ప్రతి అయిదు అడుగుల్లో ఒక అడుగుకు లోపం ఉందనుకుందాం. రెండడుగుల చదరం రేకులు 100 తీస్తే అది 400 చదరపుటడుగుల రాయి. దాన్ని అడుగు బిళ్లలుగా కోస్తే 320 అడుగులు దక్కుతాయి. రేకును రేకుగానే అమ్మాలంటే నాలుగు అడుగులూ మచ్చ లేకుండా ఉండాలి, లోపాలు ఎక్కడపడితే అక్కడ ఉంటే అలాంటివి సగటున 41 మాత్రమే. అంటే 164 అడుగులే. దక్కే రాయి సగమైనా క్వారీ కూలి, రవాణా, పన్ను ఏవీ సగం కావు. పైగా పెద్ద రేకు విడదీసేటప్పుడూ లారీకెత్తేటప్పుడూ విరిగే ప్రమాదం ఎక్కువ. ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లోనూ ఇంటి కప్పుకు వేసే పలకలకు సైజును బట్టి హోదాలిచ్చారు: 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు ఉన్నది డచెస్, 20, 10 అయితే కౌంటెస్, 16, 8 అయితే లేడీ.

మార్కాపురానికి పేరు తెచ్చింది మాత్రం ఈ హోదాల్లో దేనికీ అందని చిన్న రాయి. బడిపిల్లల రాతపలక చదరపుటడుగులోపే సరిపోతుంది, కాబట్టి పగుళ్ల మధ్య దొరికిన ముక్క కూడా పనికొచ్చింది. రేకును పల్చగా తీసి, అంచులు కత్తిరించి, నున్నగా అరగదీసి, చెక్క చట్రంలో బిగిస్తే సరుకు తయారు. 19వ శతాబ్దం చివర్లో గుంటూరు, గుంతకల్లు మధ్య పడిన మీటర్ గేజి లైను మీద మార్కాపురం రోడ్డు స్టేషను వచ్చి, సరుకు బయటికి వెళ్లే దారి ఏర్పడింది. తెలుగు పిల్లల చేతికి తొలి అక్షరాలతో పాటు అందిన పలకలూ బలపాలూ చాలావరకు ఈ వెనుకబడిన మెట్ట ప్రాంతం నుంచే వెళ్లాయి.

ఆ పలకలు చవగ్గా దొరకడం వెనక ఒక చేదు నిజముంది. బడికెళ్లే పిల్లల కోసం పలకలు చేసినవాళ్లలో బడికి పోని పిల్లలున్నారు. 1988లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు తొలి విడతలో మార్కాపురం పలకల పరిశ్రమ ఉంది, మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ కూడా అందులో ఉంది. బలపాల తయారీని, వాటి ప్యాకింగును సైతం బాలకార్మిక నిషేధ చట్టం ప్రమాదకర పనుల జాబితాకెక్కించింది. కోతలో లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, ఆ జబ్బు ఒకసారి వస్తే నయం కాదు.

నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతపలకకు గిరాకీ పడిపోయాక రాయి నేల మీదికీ గోడల మీదికీ మళ్లింది. బూడిద, నలుపు, ఆకుపచ్చ రంగులతో పాటు ఇనుము కలిసి తుప్పు, ఊదా చాయలు తిరిగిన రాయి విదేశాలకూ వెళ్లింది. సైజు ధరను శాసించడం అప్పుడే మొదలైంది. 30 సెంటీమీటర్ల చదరం బిళ్ల మామూలు సరుకు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పుది దానికన్నా మేలు. 60 సెంటీమీటర్ల చదరం రావాలంటే మంచి పొర తగలాలి. రాతపలకల కాలంలో పనికొచ్చే ముక్క ఇప్పుడు క్వారీ పక్క గుట్టల్లో చేరింది. ఆ గుట్టల్లోంచి ఏరిన సన్నని బద్దలను గోడ అలంకరణకు వరసలుగా అతికించి అమ్ముతున్నారు. వాటిలో రాయి వంతు తక్కువ, కోసి అతికించే కూలి వంతే ఎక్కువ.