నూలు మారింది, నుసీ మారింది

మా పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి సోలాపూర్ వచ్చినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది నేతపని ఒక్కటే. కండెలు చుట్టే ఇంట్లో పీచు లేస్తుంది, దగ్గొస్తుంది. అది మనకు తరతరాలుగా తెలిసిందే. ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే నార దువ్వే కూలీల దగ్గు గురించి పుస్తకంలో రాశాడు. రోగి వస్తే ముందు "నువ్వు ఏం పని చేస్తావు?" అని అడగాలని తోటి వైద్యులకు చెప్పింది కూడా ఆయనే.

తర్వాత దారమే మారిపోయింది. 1935లో అమెరికాలో నైలాన్, 1941లో ఇంగ్లండులో పాలిస్టర్ పుట్టాయి. మన దాకా వచ్చేసరికి చవక, తొందరగా తెగదు. మేమూ వద్దనలేదు. నూలు ధర మండిపోయిన రోజుల్లో ఆ దారమే చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలిగించింది. ఆ మాట దాచుకోం.

కాని పాలిస్టర్ అంటే నీళ్ళ సీసాలు చేసే ప్లాస్టికే, దారంగా తీశారు, అంతే. నూలు పీచు మట్టిలో కలిసిపోతుంది. ఇది అంత తేలిగ్గా కలవదు. మగ్గం మీదా, ఉతుకులోనూ రాలే ఈ నుసినే ఇప్పుడు మైక్రోప్లాస్టిక్ అంటున్నారు.

దీని దెబ్బ ముందు తగిలింది మనలాంటి పనివాళ్ళకే. అమెరికాలోని రోడ్ ఐలండులో నైలాన్ పీచును సన్నగా కోసి గుడ్డకు అంటించే కార్మికులకు పొడిదగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. 1998లో వైద్యులు దాన్ని ఊపిరితిత్తుల జబ్బుగా రాశారు. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళంలో పూడిక తీయించుకున్న 257 మందిని చూశారు. 150 మంది పూడికలో ప్లాస్టిక్ ఉంది. అది ఉన్నవాళ్ళకు ఆ తర్వాత గుండెపోటు, పక్షవాతం, చావు ముప్పు 4 రెట్లకు పైగా కనిపించింది. అయితే ప్లాస్టికే కారణమని దీంతో రుజువైనట్టు కాదని ఆ వైద్యులే చెప్పారు. భయపడమని కాదు, జాగ్రత్తపడమనే మేము ఇది రాస్తున్నాం.

మా సంఘం పుస్తకాల్లో నూలు లెక్క, రంగు లెక్క, బాకీ లెక్క అన్నీ ఉన్నాయి. ఎవరు ఏ దారం మీద ఎన్నేళ్ళు కూర్చున్నారో, ఎవరికి దగ్గు పట్టిందో మాత్రం ఒక్క గడిలోనూ లేదు. ఆ తప్పు మాదే. ఈ ఏడు నుంచి ఆ లెక్కా రాస్తాం.

మీరూ కండెల గదిలో పసిపిల్లల్ని పడుకోబెట్టకండి. నుసిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి. కిటికీ తెరిచి ఉంచండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. దగ్గు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆయన అడగకపోయినా సరే, మీరు ఏ దారం మీద ఎన్నేళ్ళు పనిచేశారో ముందు చెప్పండి.