అప్పుల బాధితులకు ఉచిత న్యాయ సహాయం: పొన్నూరు

గుంటూరు జిల్లా పొన్నూరు ప్రాంతంలో అప్పుల్లో చిక్కుకున్నవారు ఫీజు లేకుండా న్యాయవాదిని పొందే దారి 1987 నాటి న్యాయ సేవల చట్టం. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయ పరిమితి లేదు. మండల న్యాయ సేవల కమిటీలో గానీ, గుంటూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ దరఖాస్తు ఇవ్వవచ్చు, ఫోన్ 15100.

తాకట్టు ఆస్తిని 2002 సర్ఫేసీ చట్టం కింద స్వాధీనం చేసుకోవాలంటే బ్యాంకు ముందుగా 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. సాగుభూమికి ఆ చట్టం వర్తించదు; మిర్చి, పత్తి రైతు మొదట తెలుసుకోవలసింది ఇదే. అయితే బ్యాంకు సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీపడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది, అప్పీలు మాత్రం ఉండదు.

జనం ‘ఐపీ పెట్టడం’ అనేది 1920 దివాలా చట్టం కింద వేసే పిటిషన్. పరువు పోతుందన్న భయం అలా ఉంచితే, దానితో తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవారి హక్కు చెదరదు.